రేడియేటర్‌లో కరివేపాకు

పోయిన నెల మాస్టారి సంతాపసభలో మా సుబ్బారావు మళ్లీ ఆ కథ చెప్పాడు. అమెరికాలో మా ఊరు నేపర్‌విల్‌లో తెలుగువాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా అతను ఆ కథ చెబుతాడు. మనిషి పోయిన పన్నెండో రోజున కూడా మానలేదు.

"మాస్టారు గొప్ప చెయ్యి. కాదనను. కానీ ఒక్కసారి బోల్తా పడ్డారు. మనవాడి బండి చూసి, ఏం ఫర్వాలేదు, అయోవా దాకా వెళ్లిరా అన్నారు. వంద మైళ్లు వెళ్లిందో లేదో, ఇంజిన్ ఢాం!" అంటూ రెండు చేతులూ పైకెత్తాడు.

అందరూ నవ్వారు. పోయిన మనిషిని ఇష్టంగా తలుచుకునే నవ్వే అది, అందులో చెడ్డతనమేమీ లేదు. ఆ 'మనవాడు' నేనే. నేనూ నవ్వాను. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య మాత్రం వెనక్కి తిరిగి ఒకసారి నా వంక చూసి, మళ్లీ ముందుకు తిరిగారు.

ఆ కథ అబద్ధం. సుబ్బారావు కల్పించింది కాదు, నేను కల్పించింది. పదేళ్లుగా పాపం అతను దాన్ని నమ్మకంగా మోస్తున్నాడు, అంతే. ఇప్పుడు దాన్ని దించడం నా పని.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మనవాళ్లు ముందు ఇంటిపేరు పట్టుకుని ఏ ఊరువాళ్లో, ఎవరికి ఏమవుతారో ఆరా తీస్తారు. అసలు సంగతి వెనకబడిపోతుంది. కాకినాడలో పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి కాబట్టి మేమందరం మాస్టారనే పిలిచేవాళ్లం. ఇక్కడ ఆయన ఉద్యోగం అరోరాలో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో. పోతపోసిన ఇనుప దిమ్మల్లో కంటికి కనపడని పగుళ్లు వెతికిపెట్టడం. అయిదు రోజులు ఆ పని చేసి అలిసిపోయి, శనివారం విశ్రాంతి కోసం మా కార్లలో పగుళ్లు వెతికేవారు.

మేమంతా డెబ్బయిల చివర్లో వచ్చిన ఇంజనీర్లం. టెలిఫోన్ల మీద పెద్ద పెద్ద పరిశోధనలు చేసేవాళ్లం గాని, కారు ఇంజిన్ మీది మూత, అంటే హుడ్, తెరిచే మీట ఎక్కడుంటుందో సగంమందికి తెలీదు. కొన్నవన్నీ ఇంకొకరు వాడి వదిలేసిన బళ్లు. శనివారం తొమ్మిదయ్యేసరికి ఆయన ఇంటిముందు డ్రైవ్‌వేలో అవన్నీ ధర్మాసుపత్రి ముందు రోగుల్లా వరసకట్టేవి.

తొమ్మిదింటికి గ్యారేజ్ తలుపు పైకి లేచేది. ముందు మంచుబూట్లు కనపడేవి, తర్వాత గళ్ల లుంగీ, దాని అంచు కిందనుంచి ఉన్ని పంట్లాం, ఆ పైన ఫ్యాక్టరీవాళ్లిచ్చిన బూడిదరంగు చొక్కా, చివరికి ఆయన. ఎండాకాలమైతే ఉన్ని పంట్లాం ఉండదు. అంతే తేడా.

వచ్చినవాడు "మాస్టారూ, మొన్న హైవే మీద వెళుతుంటే..." అని మొదలుపెట్టేవాడు. ఆయన అరచెయ్యి చూపించేవారు.

"నువ్వు ఊరుకో. బండిని చెప్పనీ."

చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగేవారు. స్టార్ట్ చేయమని, వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం దగ్గర వంగేవారు. అక్కడ ఆయన చేసే పని చూడాలి. గొట్టంలోంచి వచ్చే పొగని రెండు అరచేతులతో మొహం వైపుకి తీసుకునేవారు, అచ్చం హారతి కళ్లకద్దుకున్నట్టు. కళ్లు మూసుకుని వాసన పట్టేవారు. తెల్లపొగ వస్తూ, బెల్లం పాకం అడుగంటిన వాసన వేస్తే రేడియేటర్‌లో నీళ్లు దొంగతనంగా ఇంజిన్ లోపలికి వెళ్లి కాలిపోతున్నాయన్నమాట. "పాకం మాడిందోయ్" అనేవారు. అది విన్నవాడి మొహం మాడిపోయేది.

పక్కింటి అమెరికన్ పెద్దాయన ఒకరోజు కంచె అవతలనుంచి ఇదంతా చూసి, నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"మీ మతంలో కార్లని రోజూ పూజిస్తారా, శనివారాలు మాత్రమేనా?"

శనివారాలు మాత్రమేనని చెప్పాను. ఆయన ఎంతో గౌరవంగా తల ఊపి, తన గడ్డి కోసే యంత్రాన్ని ఆపేశాడు.

పొగ తర్వాత సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు. ఆరూ విప్పి గుడ్డ మీద వరసగా పరిచేవారు. అయిదు మసిబారి ఉండి, ఒక్కటి తోమిన గిన్నెలా మెరుస్తుంటే, ఆ మెరిసేదే రోగి. లోపల ఆవిరి దాన్ని కడుగుతోంది. ఇంత తెలిశాక కూడా ఆయన తీర్పు చెప్పేవారు కాదు. సాక్షి కావాలనేవారు.

సాక్షి ఎవరంటే, ఆయన భార్య అంట్లు తోముకునే పసుపుపచ్చ రబ్బరు తొడుగు. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి, ఆ మూతికి తొడుగుని తలకిందులుగా తొడిగి దారంతో కట్టేవారు. వంటింటి కిటికీలోంచి కేక వినపడేది.

"ఏవండీ! మళ్లీ తీసుకెళ్లారా? అవి అంట్లకి కొన్నవండీ!"

"పది నిమిషాలే. సాక్ష్యం చెప్పి వచ్చేస్తుంది."

"ఆ నూనె చేతులతో కట్టారంటే ఇవాళ మీ కంచం మీరే కడుక్కోవాలి!"

ఇంజిన్‌కీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఒక పల్చటి రేకు ఉంటుంది. దాన్ని గాస్కెట్ అంటారు. అది చిరిగితే సిలిండర్‌లో మండిన గాలి నీళ్ల దారిలోకి దూరుతుంది. అందుకని బండి స్టార్ట్ చేయగానే మేమంతా ఊపిరి బిగబట్టి ఆ తొడుగునే చూసేవాళ్లం. గాస్కెట్ బాగుంటే అది వాడిన పొట్లకాయలా వేలాడుతుంది. పోయిందా, ముందు బొటనవేలు కదులుతుంది. తర్వాత చిటికెన వేలు. చూస్తుండగానే అయిదు వేళ్లూ ఉబ్బి, అరచెయ్యి నిటారుగా లేచి, ఎవరినో దీవిస్తున్నట్టు నిలబడుతుంది.

"లేచింది" అనేవారు మాస్టారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు.

నా స్టేషన్ వ్యాగన్ కారు మీద ఆ చెయ్యి ఒక జూలై శనివారం లేచింది. చాలా ఠీవిగా లేచింది.

"మూడో సిలిండర్ దగ్గర గాస్కెట్ పోయింది" అన్నారు ఆయన, తొడుగు విప్పుతూ. "నీ అదృష్టం, చిన్నగా పోయింది. హెడ్‌కి ఏమీ కాలేదు. వచ్చే వారం విప్పి మార్చేస్తాను. అప్పటిదాకా బండి కదపకు."

"రేపు అయోవా వెళ్లాలండీ. డావెన్‌పోర్ట్‌లో పిక్నిక్."

"కదపకు."

"ఉత్త పిక్నిక్ కాదండీ. అక్కడికి అమ్మాయి వస్తోంది. వాళ్ల మామయ్య డాక్టరు. ఆయన చూస్తానన్నారు."

ఆయన చేతులు తుడుచుకుంటూ ఆగారు. "చూసేది నిన్నా, బండినా?"

"ఆయన రెండూ చూస్తాడటండీ. ఇదివరకు ఒకడికి కారు అద్దం పగిలి ఉందని సంబంధం వద్దన్నాడట."

"అయితే నా బండి తీసుకెళ్లు. పగుళ్లు లేవు."

పగుళ్లు లేవు, నిజమే. ఆయన బండికి ఎడమవైపు తలుపు నారింజరంగు, మిగతాదంతా నీలం. ఎక్కడో పాతసామాన్ల దగ్గర దొరికిన తలుపు తెచ్చి బిగించుకున్నారు. ఆ రంగుల బండిలో పెళ్లిచూపులకి దిగడం ఊహించుకుని, వద్దులెండి, బస్సులో వెళతానన్నాను. ఆయన నమ్మలేదనుకుంటాను. నేను రివర్స్ చేస్తుంటే కిటికీ దగ్గరికొచ్చి వంగి, మూడోసారి చెప్పారు.

"ఇంటికి పోనిచ్చి ఆపెయ్. గాస్కెట్ కాగితంలాంటిది, మార్చుకోవచ్చు. వేడెక్కిస్తే హెడ్డే పోతుంది. కదపకు అబ్బాయ్."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

పిక్నిక్‌కి ఎవరెవరు ఏం తేవాలో ముందే పంచుకున్నారు. పెళ్లికానివాళ్ల వంట ఎవరూ నమ్మరు కాబట్టి నాకు మజ్జిగ ఇచ్చారు. నేను పట్టుదలగా రెండు గాలన్ల పాలడబ్బాల నిండా మజ్జిగ చేసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి, ఎండకి పులిసిపోకుండా రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి తీసుకెళ్లాను. సగం గడ్డకట్టి ఉంది. అమ్మాయి మామయ్య ఒక గుక్క తాగితే చాలు, కుదిరిపోతుందనుకున్నాను.

ఎనభయ్యో నంబరు హైవే మీద, రెండువైపులా మొక్కజొన్న తప్ప మరేమీ లేనిచోట, వేడి ముల్లు ఎర్రగీత దాటింది. హుడ్ కిందనుంచి ఆవిరి. పక్కకి ఆపాను. చొక్కా విప్పి, చేతికి చుట్టుకుని మూత కొద్దికొద్దిగా తిప్పాను. లోపల నీళ్లు లేవు. తాగడానికి తెచ్చుకున్న సీసా పోశాను. చుయ్‌మని పైకే వచ్చేసింది. గంట సేపు ఆగితే ఇంజిన్ చల్లారేది. కానీ పన్నెండింటికి భోజనాలు. మామయ్యగారికి టైమంటే పట్టింపని విన్నాను. చుట్టూ చూశాను. బండిలో మిగిలిన ద్రవపదార్థం ఒక్కటే.

మొదటి గాలన్ పోస్తుంటేనే లోపలినుంచి 'టిక్' అని చిన్న చప్పుడు వచ్చింది. పెద్దగా ఢామ్మని ఏమీ కాలేదు, అది సుబ్బారావు కలిపింది. వేడి గ్లాసులో ఐసుముక్క వేస్తే వచ్చేంత చప్పుడు. నాకేమీ అర్థం కాక రెండో గాలన్ కూడా పోశాను. పోసి స్టార్ట్ చేస్తే ఇంజిన్ నాలుగు సార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

ఖాళీ డబ్బాలు రెండూ మొక్కజొన్న చేలోకి విసిరేసి చొక్కా తొడుక్కుంటుండగా, అదే పిక్నిక్‌కి వెళుతున్న సుబ్బారావు కారు వచ్చి ఆగింది. దిగాడు. రెండడుగులు వేసి, ముక్కు ఎగబీల్చి నిలబడిపోయాడు.

"ఒరేయ్, ఈ చేలల్లో ఎవర్రా పోపు పెడుతున్నది?"

"ఏమో, నాకేం రావట్లేదు" అన్నాను. ఆ రోజు మొదటి అబద్ధం అదే.

సుబ్బారావు కారులో పిక్నిక్‌కి చేరాను. నా బండి తోవలో ఆగిపోయిందని వినగానే మామయ్యగారు మొదటి ప్రశ్న వేశారు.

"వంద మైళ్ల పైన వస్తూ, బండి ఎవరికైనా చూపించుకోవాలని తెలీదా?"

"నిన్ననే చూపించానండీ."

"మరి ఆయనేమన్నాడు?"

పక్కన సుబ్బారావు. కాస్త దూరంలో కాగితపు పళ్లెం పట్టుకుని నిలబడి, వినడం లేదన్నట్టు వింటున్న అమ్మాయి. నిజం చెప్పడానికి నాకున్న సమయం ఒక క్షణం. దాన్ని నేను ఇలా వాడుకున్నాను.

"ఫర్వాలేదు, వెళ్లమన్నారండీ. మా మాస్టారు. పెద్దాయన."

మామయ్యగారి మొహం విచ్చుకుంది. "అంటే పెద్దాయన మాట మీద నమ్మకంతో బయల్దేరావన్నమాట. ఈ దేశంలోకి వచ్చాక పెద్దలు చెప్పింది వినే కుర్రాడు నాకింతవరకు తగల్లేదయ్యా." వెనక్కి తిరిగి అమ్మాయి వంక అర్థవంతంగా చూశారు. తర్వాత ఇటు తిరిగి, "అన్నట్టు మజ్జిగ నీ వంతు కదూ?"

"తోవలో తాగేశానండీ."

"రెండు గాలన్లూనా?"

"ఎండగా ఉందండీ."

ఆయన నా నాడి పట్టుకుని చూశారు. బాగానే ఉందన్నారు. సాయంత్రానికి సంబంధం ఖాయమైంది.

తర్వాతి శనివారం బండిని లాగించుకుని మాస్టారింటికి తెచ్చాం. సుబ్బారావు కూడా వచ్చాడు, ఇంకో ఇద్దరు తోడు వచ్చారు. మాస్టారు ప్రదక్షిణలు చేయలేదు. నూనె కొలిచే పుల్ల లాగి చూశారు. నూనె కాఫీలో పాలు కలిపినట్టుంది. నీళ్లు కలిస్తే అలాగే ఉంటుంది, ఆశ్చర్యం లేదు. తర్వాత రేడియేటర్ మూత తీశారు. తీసి, తిరగేసి చూశారు. మూత అడుగున ఒక కరివేపాకు రెబ్బ అతుక్కుని ఉంది.

లోపలికి వేలు పెట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

సరిగ్గా అప్పుడే సుబ్బారావు అన్నాడు. "ఏంటి మాస్టారూ, మీరే వెళ్లమన్నారటగా? మీరు కూడా పొరపాటు పడితే ఎలాగండీ?"

మాస్టారు కళ్లు తెరిచి నన్ను చూశారు. నేను బండి టైరు చూస్తున్నాను. కరివేపాకు రెబ్బని రెండు వేళ్లతో తీసి, లుంగీ మడతలో దోపుకోవడం మాత్రం ఓరకంట కనపడింది.

"అన్నానా? అనుంటానోయ్" అన్నారు. "వయసు మీదపడుతోంది."

ఆయనకప్పుడు నలభైతొమ్మిదేళ్లు.

అందరూ వెళ్లిపోయాక నన్ను ఉండమన్నారు. మధ్యాహ్నానికి హెడ్ విప్పి బల్ల మీద పెట్టి, దాని మీద ఎర్రరంగు ద్రవం పూసి, శుభ్రంగా తుడిచేసి, పైన తెల్లటి పొడి చల్లారు. ఫ్యాక్టరీలో ఆయన పని అదే. తెల్లపొడి మీద, రెండు వాల్వుల మధ్య, సన్నటి ఎర్రగీత మెల్లగా పైకి తేలింది.

"ఇటు రా. ఇది చూడు. నిదానంగా కాగి వచ్చిన పగులైతే వంకరటింకరగా పాకుతుంది. ఇది గీసినట్టుంది. కాలిపోతున్న ఇనుము మీద బాగా చల్లటిది ఏదో పడింది. ఒకే దెబ్బ." చెప్పి ఆగారు. ఏదైనా అంటానేమోనని చూశారు. బల్ల మీదున్న రెంచీలు తీసి, ఒక్కొక్కటే తుడిచి, డబ్బాలో సర్దారు.

"అవునాండీ?" అన్నాను చివరికి.

"అవును" అన్నారు. డబ్బా మూత వేసి, మామూలు గొంతుతో, "అల్లం కాస్త ఎక్కువైందనుకుంటాను" అన్నారు.

నేను పగలబడి నవ్వి, కాళ్ల మీద పడి, ఒప్పేసుకుని ఉండాల్సింది. అంత సులువైన దారి ఆయన చూపించాక కూడా, వస్తానండీ అని వచ్చేశాను.

పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. పెళ్లయ్యాక, మామయ్యగారు ఈసారి వచ్చి వెళ్లాక చెబుదామనుకున్నాను. ఈలోగా సుబ్బారావు కథకి కాళ్లొచ్చాయి. తలో వంటా తెచ్చుకుని తినే పాట్‌లక్‌లలో "మాస్టారికి చూపించావా? అయితే నడక ప్రాక్టీస్ చెయ్" అనడం మామూలైంది. ఎవరికీ ఆయన మీద కోపం లేదు. ఎదురైతే నమస్కారం పెట్టేవాళ్లు, భోజనానికి పిలిచేవాళ్లు. బండ్లు మాత్రం వేరేచోట చూపించుకునేవాళ్లు. ఆయన డ్రైవ్‌వేలో మొదట నాలుగు బండ్లు రెండయ్యాయి, తర్వాత ఒకటి, తర్వాత లేవు.

సంతాపసభ నుంచి ఇంటికి వస్తూ కారులోనే నా భార్యకి అంతా చెప్పాను. ఆ పిక్నిక్‌లో కాగితపు పళ్లెం పట్టుకున్న అమ్మాయి ఈవిడే. రెండు ఎగ్జిట్లు దాటాక అడిగింది.

"అంటే మా మామయ్య మిమ్మల్ని ఒప్పుకున్నది పెద్దలు చెప్పింది వింటారనా?"

"అవును."

"నాకెప్పుడూ అనుమానంగానే ఉండేది" అంది. కాసేపాగి, "ముందు ఆంటీకి చెప్పండి" అంది.

మొన్న శనివారం మాస్టారింటికి వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. నేను కప్పు పట్టుకుని, హైవే దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తెలుసు బాబూ. ఆ రోజే చెప్పారు. నవ్వలేక చచ్చాం ఇద్దరం. రెండు రోజులు మజ్జిగ చూస్తే చాలు, ఆయన పొలమారేవారు."

"మరి నలుగురికీ ఎందుకు చెప్పలేదండీ?"

"నేనూ అదే అడిగాను. ఆ అబ్బాయికి సంబంధం కుదిరిందట, ఇప్పుడెందుకూ అన్నారు. పెళ్లయిపోయింది కదండీ, ఇప్పుడు చెప్పండి అన్నాను. వాడే చెబుతాడులే అన్నారు."

కాఫీ చల్లారిపోయింది. ఆవిడ గ్యారేజ్ వైపు తలుపుకేసి చూస్తూ అన్నారు.

"శనివారాలు మాత్రం మానలేదు. తొమ్మిదింటికి గ్యారేజ్ తలుపు ఎత్తేవారు. స్టూలేసుకుని కూర్చునేవారు. పన్నెండింటికి దించేసి అన్నానికి వచ్చేవారు. మొన్న పోయే ముందు వారం దాకా అంతే."

నేను క్షమించమని అడగబోయాను. ఆవిడ లేచి కప్పు అందుకున్నారు.

"నాకు చెప్పి ఏం లాభం బాబూ, నాకు తెలిసిందేగా. తెలియనివాళ్లకి చెప్పు."

అందుకని తెలియనివాళ్లకి చెబుతున్నాను. సుబ్బారావుకి ఫోన్ చేసి చెబితే నమ్మలేదు, కాబట్టి అతను కూడా చదువుకునేలా రాస్తున్నాను. మాస్టారు ఆ శనివారం నా బండి చూసి, ఏం పోయిందో, ఎక్కడ పోయిందో సరిగ్గా చెప్పారు. కదిపితే ఏమవుతుందో కూడా చెప్పారు. వెళ్లమని అనలేదు. కదపకు అన్నారు. మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ నాకు బాగా వినపడింది.